అద్దానికి ఇవతల అమ్మ

బిడ్డ ఇంటెన్సివ్ కేర్‌లో... తల్లి వరండాలో! డాక్టర్ల చూపంతా లోపలున్న ఆ పసిగుడ్డు మీదే. ఉండాల్సిందే. మరి బయట కూర్చున్న అమ్మానాన్నల సంగతి పట్టించుకునేదెవరు?

ఉదయం పదకొండు కావస్తోంది. ఆస్పత్రి రెండో అంతస్తు. గాజుతలుపు పక్కన గోడవారగా చెప్పుల వరస. ఆ పక్కనే స్టీలు కుర్చీల్లో అయిదారుగురు ఆడవాళ్లు. చెవుల్లో దూది, తలకు చుట్టిన తువ్వాలు, భుజాల మీదుగా శాలువా... చూడగానే తెలిసిపోతుంది, పచ్చి బాలింతలని. కానీ ఎవరి ఒళ్లోనూ బిడ్డ లేదు. ఒళ్లో ఉన్నదల్లా చిన్న స్టీలు గిన్నె. అందులో అడుగంటా రాని పాలు.

తలుపు కాస్త తెరుచుకుంటుంది. నర్సు తల బయటకు పెట్టి ఓ పేరు పిలుస్తుంది. లోపలున్న బిడ్డకి ఇంకా పేరు లేదు కాబట్టి పిలిచేది తల్లి పేరే... 'బేబీ ఆఫ్ ఫలానా' అని. ఆ కేక వినగానే వరండాలో అందరి గుండెలూ గుభేలుమంటాయి. పిలిచింది పాల కోసమా? మందుల చీటీ ఇవ్వడానికా? సంతకం పెట్టించుకోవడానికా? లేక... ఆ 'లేక' తర్వాత ఏముందో ఎవరూ పైకి అనరు.

ఆ కుర్చీల్లో నేనూ కూర్చున్నాను. 46 రోజులు. మా చెల్లెలికి ఏడో నెల దాటుతుండగా బీపీ ఒక్కసారిగా పెరిగిపోయింది. 'ఇక ఆగడానికి లేదు' అని డాక్టరుగారు చెప్పిన గంటన్నరలో ఆపరేషను. ముప్ఫయ్యో వారంలో పుట్టిన పాప బరువు 1150 గ్రాములు. రైతుబజార్లో కిలో వంకాయలు తూయించుకున్నప్పుడల్లా ఇప్పటికీ ఆ అంకె గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతుంది నాకు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 37 వారాలు నిండకుండా పుట్టినవారిని నెలలు నిండని పిల్లలంటారు. 2020లో ప్రపంచం మొత్తమ్మీద అలా పుట్టినవాళ్లు సుమారు కోటీ 34 లక్షల మంది. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే! నెలలు నిండినా పుట్టగానే ఏడవనివాళ్లు, ఉమ్మనీరు మింగినవాళ్లు, ఇన్ఫెక్షన్ సోకినవాళ్లు, కామెర్లు ముదిరినవాళ్లు వీరికి అదనం. ఒక్కో బిడ్డ వెనక ఒక తల్లి, ఒక తండ్రి. బిడ్డ ఫైల్లో ప్రతి గంటకీ ఓ లెక్క రాస్తారు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, ఆక్సిజన్ ఎంత, పాలు ఎన్ని మిల్లీలీటర్లు, మూత్రం ఎంత... అన్నీ ఉంటాయి. 'అమ్మ అన్నం తిన్నదా, రాత్రి నిద్రపోయిందా' అనే గడి మాత్రం ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

'నేనెవర్ని... చుట్టాన్నా?'

మొదటిసారి లోపలికి వెళ్లినవాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు. పారదర్శకమైన పెట్టెలో గుప్పెడంత ప్రాణం. ముక్కులో గొట్టం, నోట్లో గొట్టం, బొడ్డు దగ్గర సన్నటి తీగ, పాదానికి ఎర్రగా వెలిగే చిన్న లైటు. చర్మం పల్చగా, లోపలి నరాలు కనిపించేలా. పైగా ఏదో ఒక మిషను కుయ్‌మంటూనే ఉంటుంది. ఆ మోత వింటే బిడ్డకేదో అయిపోయిందని తల్లి వణికిపోతుంది. నిజానికి చాలాసార్లు పాదానికి చుట్టిన సెన్సరు జారినా అది మోగుతుంది. నెలలు నిండని పిల్లలు మధ్యమధ్యలో కొన్ని సెకన్లు ఊపిరి తీయడం మర్చిపోతారు. వీపు మీద మెల్లగా రాస్తే మళ్లీ మొదలుపెడతారు. వారాలు గడిచేకొద్దీ ఆ మరపు తగ్గిపోతుంది. ఈ రెండు ముక్కలూ మొదటిరోజే ఎవరైనా చెప్పి ఉంటే మా చెల్లెలు కనీసం వారం రోజుల భయం తప్పించుకునేది. అయిదు నిమిషాల పని. చెప్పే తీరికే ఎవరికీ లేకపోయింది.

ఇలాంటి వార్డుల్లో తల్లిదండ్రుల మనసు మీద పడే ఒత్తిడిని కొలవడానికి 1993లోనే అమెరికాలో ఓ ప్రశ్నావళి తయారైంది. మిషన్లూ వాటి మోతలూ ఒక భాగం. బిడ్డ రూపం, తీరు మరో భాగం. తల్లిగా, తండ్రిగా తాము చేయాల్సినవి చేయలేకపోవడం మూడోది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో అడిగి చూశారు. ఎక్కువమందిని ఎక్కువగా కుంగదీసేది గొట్టాలో, మోతలో కాదు... ఆ మూడోదే!

పుస్తకాలు చదవకుండానే మా చెల్లెలు ఆ మాట చెప్పింది. రోజుకోసారి, పది నిమిషాలు, అద్దంలోంచి చూసి వచ్చి కూర్చునేది. తొమ్మిదో రోజు రాత్రి అంది: "దానికి ఆకలేస్తే ఎలా ఏడుస్తుందో నాకు తెలీదక్కా. ఆ నైట్‌డ్యూటీ సిస్టర్‌కి తెలుసు. నేనెవర్నిక్కడ... చూసిపోవడానికొచ్చిన చుట్టాన్నా?" నా దగ్గర జవాబు లేదు.

ఎవరేమన్నా తప్పు అమ్మదే!

పురిటి వార్త తెలియగానే పలకరింపులు మొదలవుతాయి. వాటిలో సగం పుండు మీద కారమే. 'బొప్పాయి తిన్నావా?', 'గ్రహణం నాడు బయట తిరిగావటగా?', 'ఆరో నెలలో స్కూటర్ ఎక్కొద్దంటే విన్నావా?', 'ఉద్యోగం మానేయమని ఆనాడే చెప్పాం...' అన్నవాళ్లు అనేసి వెళ్లిపోతారు. రాత్రి రెండు గంటలప్పుడు ఆ మాటలు ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టుకునేది ఆ పిల్ల. ఆ ఒక్క మెట్టు ఎక్కకపోతే? ఆ రోజు బట్టలు పిండకపోతే?

వైద్యం చెప్పేదేమిటంటే... కాన్పు ముందుగా రావడానికి బీపీ పెరగడం, గర్భసంచిలోనో మూత్రనాళంలోనో ఇన్ఫెక్షన్, కవలలుండటం, గర్భాశయ ముఖద్వారం బలహీనంగా ఉండటం, ఉమ్మనీరు ముందే పోవడం... ఇలా ఎన్నో కారణాలు. చాలా కాన్పుల్లో ఎంత వెతికినా కారణమే దొరకదు. మెట్లెక్కినందుకు, గ్రహణం చూసినందుకు నెలలు నిండకుండా పుట్టరు. ఈ ముక్క డాక్టరు నోటివెంట రావాలి. అదీ అత్తగారు, ఆడపడుచు, భర్త పక్కనుండగా! తల్లికి ఒక్కదానికే చెబితే సగం పనే అయినట్టు.

ఇంకో మాట కూడా మన ఇళ్లలో తరతరాలుగా తిరుగుతోంది. 'ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల పిల్లలు బతకరు' అని. పూర్తిగా తలకిందుల మాట. కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకి లాభమే. ఎనిమిదో నెల బిడ్డ ఊపిరితిత్తులు ఏడో నెల బిడ్డకంటే బలంగానే ఉంటాయి. ఎనిమిదో నెలలో ప్రసవించిన తల్లి ముందు కూర్చుని ఈ సామెత వల్లించే పెద్దమ్మలకి దయచేసి ఎవరైనా కాఫీ ఇచ్చి పంపించేయండి.

అమ్మ ఒక ఊళ్లో... బిడ్డ ఒక ఊళ్లో

అది 1963 ఆగస్టు 7. అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్ కెనెడీ భార్య జాక్వెలిన్‌కు నెలలు నిండకుండానే ఆపరేషను చేసి బిడ్డను తీశారు. మగపిల్లాడు. పాట్రిక్ అని పేరు పెట్టారు. బరువు రెండు కిలోల పైనే. కానీ ఊపిరి అందలేదు. తల్లిని కేప్ కాడ్ దగ్గరున్న వైమానిక దళ ఆస్పత్రిలో ఉంచి, బిడ్డను బోస్టన్‌లోని పిల్లల ఆస్పత్రికి తరలించారు. పుట్టిన 39 గంటలకు ఆ బిడ్డ పోయాడు. తండ్రి దగ్గరే ఉన్నాడు. తల్లి మాత్రం ఇంకా ఆ మొదటి ఆస్పత్రి మంచం మీదే. అంత్యక్రియలకూ రాలేకపోయింది. ప్రపంచంలోనే బలమైన దేశానికి ప్రథమ మహిళ ఆమె!

మన జిల్లాల్లో ఇది నేటికీ రోజూ జరిగేదే. కాన్పు పుట్టింటి దగ్గరి పట్టణంలో. బిడ్డకి వెంటిలేటర్ కావాలంటే హైదరాబాదుకో, విజయవాడకో, విశాఖకో, కర్నూలుకో అంబులెన్సు. కుట్లు పచ్చిగా ఉన్న తల్లి ఇక్కడ, పుట్టిన మూడు గంటల బిడ్డ అక్కడ. మధ్యలో సెల్‌ఫోను. తల్లి అడుగుతుంది, 'ఎలా ఉంది?' అని. అటునుంచి 'బాగానే ఉంది' అంటారు. గొంతులో తేడా ఆమెకి తెలిసిపోతుంది. అసలు సంగతి చెబితే తట్టుకోలేదని ఇంట్లోవాళ్లు దాస్తారు. మంచి ఉద్దేశమే. కానీ దాచారని తెలిసిన రోజున, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మదు. ఊహించుకునే భయం ఉన్న నిజం కంటే ఎప్పుడూ పెద్దదే. రోజుకోసారి, ఒకే టైముకి, ఒకే మనిషి, ఉన్నదున్నట్టు చెప్పడం... వీలైతే వీడియోలో బిడ్డ ముఖం చూపించడం... ఇంతకు మించిన మందు లేదప్పుడు.

నాన్నకి ఏడ్చే హక్కు లేదా?

ఆ అంబులెన్సులో వెళ్లిన మనిషిని గురించి ఎవరూ రాయరు. అడ్మిషన్ కాగితాలు ఆయనవే. 'ఏదైనా జరిగితే మాకు సంబంధం లేదు' అనే ఫారం మీద సంతకం ఆయనదే. మందుల షాపు, రక్తనిధి, బిల్లు కౌంటరు, ప్రభుత్వ ఆరోగ్య పథకం డెస్కు... వీటిమధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగేది ఆయనే. ఎక్కడ అప్పు పుడుతుందో ఫోన్లు చేస్తూనే, అవతల ఆఫీసులో సెలవు పొడిగించమని బతిమాలుకోవాలి. ఇంతాచేసి అందరూ ఆయనకి చెప్పేది ఒకటే మాట: 'నువ్వే ధైర్యంగా ఉండాలయ్యా!'

ఉంటాడు. ఉన్నట్టు కనిపిస్తాడు. మగవాళ్లలో దిగులు చాలాసార్లు కన్నీళ్లుగా బయటికి రాదు. చిటపటలాడటం, పనిలో తలదూర్చేయడం, ఇంటికి ఆలస్యంగా రావడం, మందు ఎక్కువవడం... ఇలా బయటపడుతుంది. మా మరిది నలభై ఆరు రోజుల్లో ఒక్కసారీ కన్నీరు పెట్టలేదు. డిశ్చార్జి అయిన రెండు నెలలకి, ఏదో బ్యాంకు పని మీద ఆ ఆస్పత్రి వీధిలోంచి వెళ్తూ బండి పక్కకి ఆపి అరగంట ఏడ్చాడట. ఆ సంగతి భార్యకి కూడా ఏడాది దాకా చెప్పలేదు.

దిగులా... జబ్బా?

కాన్పయిన రెండు మూడు రోజులకి ఊరికే ఏడుపు రావడం, చిరాకు, అంతలోనే నవ్వు... చాలామంది బాలింతల్లో మామూలే. రెండు వారాల్లోపు దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతేనే ఆలోచించాలి. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే ప్రసవం తర్వాత కుంగుబాటు 22 శాతం తల్లుల్లో కనిపించిందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఓ సమీక్ష వచ్చింది. అంటే అయిదుగురిలో ఒకరికి పైనే! బిడ్డ ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న తల్లులకి ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

గమనించాల్సినవి ఇవి. బిడ్డ నిద్రపోతున్నా, అవకాశం ఉన్నా తల్లికి నిద్ర పట్టకపోవడం. ఇష్టమైనది వండిపెట్టినా ముద్ద దిగకపోవడం. బిడ్డను చూడ్డానికి వెళ్లమంటే ఏదో వంక చెప్పడం... దీన్ని చాలామంది 'రాతిగుండె' అంటారు, అది భయం. 'ఎలాగూ దక్కదు, ప్రేమ పెంచుకోవడమెందుకు' అని మనసు తనను తాను కాపాడుకుంటోందన్నమాట. 'నేను లేకపోతేనే అందరికీ బాగుంటుంది' అనే మాట వినిపిస్తే మాత్రం రేపటి దాకా ఆగకూడదు. అలాగే ఉన్నట్టుండి పొంతనలేని మాటలు, ఎవరో బిడ్డని మార్చేశారనే గట్టి నమ్మకం, రెండు మూడు రోజులుగా అసలు నిద్రే లేకపోవడం ఉంటే ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. గాలి సోకిందని తాయెత్తుల చుట్టూ తిరిగితే విలువైన రోజులు పోతాయి.

కుంగుబాటును పసిగట్టడానికి 1987లో బ్రిటన్‌లో తయారైన పది ప్రశ్నల పట్టిక ఒకటుంది. ఎడిన్‌బరో స్కేలు అంటారు. గత ఏడు రోజుల్లో ఎలా అనిపించిందో అడుగుతుంది. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. నర్సు అయినా అడగొచ్చు. ఇక 'పాలిచ్చే తల్లి మనసు మందులు వాడకూడదు' అనేది చాలామంది అపోహ. పాలలోకి చాలా తక్కువ మోతాదులో వెళ్లే మందులున్నాయి. బిడ్డ నెలలు నిండనిదని చెబితే డాక్టర్లు దాన్నిబట్టే ఎంచి రాస్తారు. ఆస్పత్రికి వెళ్లడానికి మొహమాటమైతే ముందు ఫోనులోనైనా మాట్లాడొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఇరవైనాలుగ్గంటలూ ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు.

తలుపులు తెరుచుకున్నాయి

అసలు తల్లిని బయట ఎందుకు కూర్చోబెడుతున్నారు? ఇన్ఫెక్షన్ వస్తుందని. వినడానికి సబబుగానే ఉంది. కానీ 1960ల చివర్లోనే అమెరికాలో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లకి అనుమానమొచ్చింది. చేతులు కడిగించి తల్లుల్ని లోపలికి రానిచ్చి చూశారు. ఇన్ఫెక్షన్లు పెరగలేదు! అంతకంటే ముందు, వందేళ్ల కిందట పారిస్‌లో పియెర్ బుడాన్ అనే డాక్టరు ఇంకో సంగతి గమనించాడు. బిడ్డకి దూరంగా ఉంచేకొద్దీ తల్లికి ఆ బిడ్డ మీద ధ్యాస తగ్గిపోతోందని.

తలుపులు చాలాచోట్ల జాలితో తెరుచుకోలేదు, గతిలేక తెరుచుకున్నాయి. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరేసి ముగ్గురేసి పిల్లల్ని పెట్టాల్సొచ్చేది. ఎడ్గర్ రే, హెక్టర్ మార్టినెజ్ అనే డాక్టర్లు బిడ్డని తల్లి గుండెల మీద చర్మానికి చర్మం ఆనించి కట్టేశారు. అదే నేటి కంగారూ పద్ధతి. మరుసటి ఏడాది ఎస్తోనియాలోని టాలిన్‌లో నర్సుల కొరత వచ్చింది. అడిక్ లెవిన్ అనే డాక్టరు తల్లుల్నే లోపలికి పిలిచి, ఇంజెక్షన్లు తప్ప మిగతా పనులన్నీ వాళ్లకే అప్పజెప్పాడు. పిల్లలు బాగుపడ్డారు. ఆ పద్ధతినే చూసొచ్చి కెనడావాళ్లు మెరుగులు దిద్దారు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 26 ఆస్పత్రుల్లో పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. తల్లిదండ్రులు రోజుకి కనీసం ఆరుగంటలు బిడ్డ పక్కనే ఉండి పాలు పట్టడం, తుడవడం, బరువు రాసుకోవడం చేసినచోట పిల్లలు త్వరగా బరువు పెరిగారు. తల్లిదండ్రుల్లో ఒత్తిడి, ఆందోళన తగ్గాయి.

మన దేశమూ వెనకబడిలేదు. ఢిల్లీ రామ్‌మనోహర్ లోహియా ఆస్పత్రిలో ఇలాంటి ప్రయోగమే మొదలైంది. 2017లో కేంద్రం దీనికి మార్గదర్శకాలే ఇచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రుల్లోని నవజాత శిశు కేంద్రాల్లో తల్లికో, తండ్రికో, అమ్మమ్మకో చేతులు కడుక్కోవడం నుంచి కంగారూ పద్ధతి దాకా నేర్పి సంరక్షణలో భాగం చేయాలని. ఆ తర్వాత వచ్చిందే అసలు పెద్ద వార్త. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఆస్పత్రుల్లో మూడువేలకు పైగా చిన్న పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. బిడ్డ కోలుకునేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద పెట్టి, తల్లి మంచాన్ని ఇంటెన్సివ్ కేర్ లోపలే వేస్తే... మరణాలు 25 శాతం తగ్గాయి! తల్లి లోపలుండటం ఎవరో ఆమెకి చేసే ఉపకారం కాదు, బిడ్డకి వైద్యం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే సిఫార్సు చేసింది.

మా చెల్లెలికి ఆ అవకాశం పన్నెండో రోజున వచ్చింది. వార్డుకి కొత్తగా వచ్చిన సీనియర్ సిస్టర్ చూసి, 'ఈమెనెందుకు బయట కూర్చోబెట్టారు?' అని అడిగి లోపలికి తీసుకెళ్లింది. గొట్టాలు సర్ది, పాపని రొమ్ముల మధ్య పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పింది. గంటసేపు. బయటికొచ్చిన మా చెల్లెలి ముఖం నేనెప్పటికీ మర్చిపోలేను. ఆ రాత్రి అన్నం అడిగి పెట్టించుకుంది. మర్నాటి నుంచి మా మరిదికీ ఓ గంట ఇచ్చారు. కంగారూ పద్ధతికి తండ్రి ఛాతీ కూడా పనికొస్తుంది మరి.

చుట్టాలూ, మీకో మాట!

'ఏమైనా కావాలంటే చెప్పండి' అనకండి. వాళ్లు చెప్పరు. టిఫిను డబ్బా పట్టుకెళ్లండి. రాత్రి వరండాలో తోడు పడుకోండి. ఇంట్లో పెద్దపిల్ల ఉంటే నాలుగు రోజులు స్కూలుకి పంపే పూచీ తీసుకోండి. చెల్లెలో తమ్ముడో పుట్టాడన్నారు, ఇంటికి రాలేదు... ఆ పిల్ల మనసులో ఏముందో ఎవరూ అడగరు. ఉతికిన బట్టలు తెచ్చివ్వండి. అన్నిటికంటే ముందు ఫోన్లు తగ్గించండి! నలభైమంది నలభైసార్లు 'ఇవాళ బరువెంత?' అంటే, నాలుగు గ్రాములు తగ్గిన రోజున ఆ తల్లి ఏం చెబుతుంది? మేం చేసిన పని ఒకటుంది. అందరికీ జవాబు చెప్పే బాధ్యత మా బాబాయికి అప్పగించాం. ఆయన రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్. వార్తలు చేరవేయడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య!

పాల గురించి కూడా. బిడ్డ నోరు తగలకుండా రెండు మూడు గంటలకోసారి పిండి తీయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. మొదటి రోజుల్లో వచ్చేవి చుక్కలే. ఆ ముర్రుపాల చుక్కలే బిడ్డకి రక్ష. 'ఇంతేనా?' అన్న ఒక్కమాటకి ఆ చుక్కలూ ఆగిపోతాయి. దిగులు పాలు దిగడాన్ని అడ్డుకుంటుంది. చాలనప్పుడు దాతల పాలున్నాయి. ఆసియాలోనే మొదటి తల్లిపాల నిధి 1989లో ముంబయి సయాన్ ఆస్పత్రిలో మొదలైంది. మన హైదరాబాద్ నిలోఫర్‌లోనూ ఉంది. ఇంకొకరి పాలు తాగిందని తల్లిని చిన్నబుచ్చాల్సిన పనిలేదు. మన పల్లెల్లో పక్కింటావిడ పాలిచ్చి బతికించిన పిల్లలు ఎంతమంది లేరు?

ఇక వేడుకలు. ఇరవయ్యొకటో రోజు బారసాల. ఇంటి దగ్గర ఉయ్యాల ఖాళీ. 'ఇప్పుడెందుకులే, ఇంటికొచ్చాక చూద్దాం' అన్నారందరూ. మా అమ్మ ఊరుకోలేదు. వరండాలోనే స్టీలు పళ్లెంలో బియ్యం పోసి మా మరిది చేత పేరు రాయించింది. సిస్టర్‌ని అడిగితే సరేనంది. చేతులు మోచేతులదాకా కడుక్కుని వెళ్లి ఇంక్యుబేటర్ కిటికీలోంచి మూడుసార్లు పాప చెవిలో పేరు చెప్పొచ్చాడు. సాయంత్రానికి పెట్టె మీదున్న 'బేబీ ఆఫ్' కార్డు తీసేసి పాప పేరు రాసిన కార్డు అంటించారెవరో. మర్నాడు నర్సులు ఆ పేరుతోనే కబుర్లు చెప్పడం మొదలుపెట్టారు. 'లోపలున్న పాప' కాస్తా మా చెల్లెలి నోట ఆ రోజే 'నా కూతురు' అయింది.

ఖాళీ చేతులతో వెళ్లేవాళ్లు

అందరు పిల్లలూ ఇంటికి రారు. మేమున్న రోజుల్లో మా పక్క కుర్చీ ఖాళీ అయింది. ఆమె కట్టిన పాలగిన్నె సంచి ఆ రోజంతా అక్కడే ఉండిపోయింది. వరండాలో ఎవరూ మాట్లాడుకోలేదు.

అలాంటివాళ్లకి మనం చేసే అన్యాయం ఏమిటంటే... తొందరపెట్టడం. తల్లికి చూపించకుండానే తీసుకెళ్లిపోతారు. చూస్తే మర్చిపోలేదని. చూడకపోయినా మర్చిపోదు. ఎత్తుకోవాలని ఉందా అని అడగాలి, కావాలంటే ఎత్తుకోనివ్వాలి. పేరుపెట్టి ఉంటే ఆ పేరుతోనే మాట్లాడాలి. 'చిన్నదానివి, మళ్లీ కంటావులే' అనే ఓదార్పు కత్తిపోటు. పక్కన కూర్చుంటే చాలు. పాలు ఎలా ఆపుకోవాలో, కుట్లు ఎప్పుడు చూపించుకోవాలో కూడా ఆమెకి ఎవరూ చెప్పరు. బిడ్డ లేదు కాబట్టి ఆమె బాలింత కాదన్నట్టే చూస్తారు! 2022లో కేంద్ర ప్రభుత్వం తన మహిళా ఉద్యోగులకి బిడ్డ పుట్టగానే పోయినా, మృతశిశువు పుట్టినా 60 రోజుల ప్రత్యేక సెలవు ఇవ్వాలని ఆదేశించింది. ప్రైవేటు కంపెనీలూ, పొలం పనులకెళ్లే తల్లులూ ఆ ఆదేశం కిందికి రారు.

ఇంటికొచ్చాక...

డిశ్చార్జి అంటే పండగే అనుకుంటాం. కానీ అసలు భయం కొందరికి ఆ రాత్రే మొదలవుతుంది. నలభై రోజులు ఊపిరి లెక్కపెట్టిన మిషను ఇప్పుడు లేదు. మా చెల్లెలు మొదటి వారం పాప ముక్కు దగ్గర వేలు పెట్టుకుని మేలుకునే ఉంది. పక్కింటి మైక్రోవేవ్ కుయ్‌మంటే ఉలిక్కిపడి లేచేది. నెలలు గడిచాక కూడా ఆ మోతలు కలల్లోకి రావడం, ఆస్పత్రి వాసనకే చెమటలు పట్టడం... ఇవీ మనసుకి తగిలిన దెబ్బ గుర్తులే. తగ్గకపోతే సాయం తీసుకోవాల్సిందే.

డిశ్చార్జికి ముందు ఒకట్రెండు రాత్రులు తల్లీబిడ్డల్ని అదే ఆస్పత్రిలో ఒక గదిలో ఉంచి, నర్సు పిలుపు దూరంలో ఉంటే ఈ భయం చాలా తగ్గుతుంది. పుట్టిన 30 రోజుల్లోపు కంటి రెటీనా పరీక్ష, వినికిడి పరీక్ష తేదీలు కాగితం మీద రాసిచ్చి ఒకటికి రెండుసార్లు చెప్పించుకోవాలి. ఆ రెటీనా పరీక్ష తప్పితే చూపే పోవచ్చు. పిల్ల ఇంకా బోర్లా పడలేదేమని పోల్చిచూసేవాళ్లకి ఓ లెక్క చెప్పాలి. రెండున్నర నెలలు ముందు పుట్టిన బిడ్డ వయసులోంచి ఆ రెండున్నర నెలలు తీసేసి చూడాలి. రెండేళ్లొచ్చేదాకా అదే లెక్క.

మేం ఇంటికి బయల్దేరిన రోజు పాప బరువు 1900 గ్రాములు. ఆటో కింద ఎదురుచూస్తోంది. సామానంతా దించేశాం. చెల్లెలు మాత్రం రావట్లేదు. పైకి వెళ్లి చూస్తే, పాపని అమ్మ చేతికిచ్చి తను మళ్లీ ఆ స్టీలు కుర్చీల దగ్గరే ఉంది. ముందురోజు రాత్రే ఎక్కడో పల్లె నుంచి వచ్చిన చిన్నపిల్ల... ఇరవయ్యేళ్లుంటాయేమో... గిన్నె పట్టుకుని గోడకేసి తిరిగి ఏడుస్తోంది. మా చెల్లెలు ఆ గిన్నెలోకి తొంగిచూసి అంటోంది: "నాకూ మొదటిరోజు ఇన్నే వచ్చాయమ్మా. పట్టుకెళ్లి ఇవ్వు, వాళ్లు దూదితో తడిపి నోటికి పెడతారు. నీ పాపది ఎన్నో నంబరు పెట్టె?"